మాస్టారి గురించి రాసేముందు రిజిస్టరు చూడండి

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈమధ్య ఒకే తరహా ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. బడినీ ఆటస్థలాన్నీ రెండింటినీ భుజాన వేసుకున్న పెద్ద మాస్టారు కాలం చేశారు, పూర్వ విద్యార్థులం ఏదో ఒకటి చేద్దామనుకుంటున్నాం, ఎలా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. పాత కాగితాల పని, అచ్చు పని, ఆటల పని తెలిసినవారు కలిసి జవాబులు రాశారు. చాలామంది పేర్లు వద్దన్నారు కనుక ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

మా హెడ్మాస్టారి మీద సంస్మరణ సంచిక వేస్తున్నాం. 40 వ్యాసాలు వచ్చాయి. అన్నిట్లోనూ ‘మహోన్నత వ్యక్తి, క్రమశిక్షణకు మారుపేరు’ తప్ప ఇంకోటి లేదు. ఏం చేయాలి? – నరసన్నపేట

రాసినవాళ్లను అనకండి. ‘మాస్టారి గురించి నాలుగు మాటలు రాయండి’ అని అడిగితే ఎవరైనా ఆ నాలుగు మాటలే రాస్తారు. మళ్లీ అడగండి, ఈసారి చిన్నచిన్నవి అడగండి. బడి తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది? పొద్దున్న గ్రౌండుకి ఎన్నింటికి వచ్చేవారు, దేనిమీద వచ్చేవారు? విజిల్ మెడలో వేసుకునేవారా, జేబులోనా? ఫీజు కట్టలేని పిల్లాణ్ణి క్లాసులోనే నిలబెట్టి అడిగేవారా, ఆఫీసురూముకి పిలిచేవారా? మ్యాచ్ ఓడిపోయి తిరిగొస్తుంటే బస్సులో ఏం మాట్లాడేవారు, అసలు మాట్లాడేవారా? లెక్క చెప్పేటప్పుడు తప్పు చేసినవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచేవారా, ఆయనే బెంచీ దగ్గరికి వెళ్లేవారా? ఇలాంటి పదిహేను ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

రాయమనడంకంటే మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయడం మేలు. ఒక్కరినే కూర్చోబెడితే ఉపన్యాసం మొదలవుతుంది. ఒకే బ్యాచివాళ్లు ఇద్దర్ని కూర్చోబెడితే ‘కాదెహె, ఆ రోజు వర్షం’ అని ఒకరినొకరు దిద్దుకుంటారు, మీకు కావలసింది ఆ దిద్దుబాటే. నలభై నిమిషాలు దాటనివ్వకండి. కల్యాణమండపంలోనో హోటల్లోనో వద్దు, వీలైతే బడి వరండాలోనే కూర్చోండి. గది చూస్తే గుర్తొచ్చేవి ఇంకెక్కడా గుర్తురావు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న శిష్యుల దగ్గరే ఆగిపోకుండా గంట కొట్టిన అటెండర్ని, బడి ముందు జీళ్లు అమ్మినామెను, ఆయన టీమ్‌లో రిజర్వులో కూర్చుని ఒక్క మ్యాచ్ కూడా ఆడని కుర్రాణ్ణి తప్పక అడగండి. చదువు మధ్యలో పెళ్లిచేసుకుని వెళ్లిపోయిన ఆడపిల్లలకి ఇప్పుడు యాభై ఏళ్లుంటాయి. వాళ్ల ఊళ్లు కనుక్కుని వెళ్లాల్సిందే.

మాటని మాటగానే అచ్చువేయండి. ‘మేస్టారు ఇజిలేత్తే గెడ్డకి అవతలున్నోలం కూడా పరిగెట్టీవోలం’ అని ఒకాయన చెప్పాడనుకోండి (గెడ్డ అంటే వాగు), దాన్ని ‘ఉపాధ్యాయులవారు ఈల ఊదిన తక్షణమే’ అని దిద్దితే అందులో మాస్టారూ పోతారు, గెడ్డా పోతుంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు జీవితమంతా పోరాడింది ఇందుకే. ఆయన జిల్లావాళ్లే మళ్లీ గ్రాంథికానికి పరిగెత్తితే ఎలా?

ఇంకో జాగ్రత్త. కలెక్టరుగారి అబ్బాయిని కూడా బెంచీ ఎక్కించారట, జీతమంతా పిల్లల ఫీజులకే కట్టేశారట, ఇలాంటి కథలు ప్రతి ఊళ్లో ప్రతి హెడ్మాస్టారి మీదా చెబుతారు. అవి అబద్ధాలని కాదు. ఏ సంవత్సరం, ఏ క్లాసు, ఎవరు చూశారు అని అడగండి. ఒకరికొకరు సంబంధంలేని ముగ్గురు అదే చెబితే వేయండి, లేకపోతే ‘ఊళ్లో చెప్పుకునేది’ అని స్పష్టంగా రాసి వేయండి.

అచ్చు విషయానికొస్తే, డెమీలో ఎనిమిదో వంతు (1/8) సైజు, అంటే సుమారు అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు చాలు. పేజీలు 16 చొప్పున ఫారాలుగా లెక్కపెడతారు కాబట్టి 64 గానీ 80 గానీ పెట్టుకోండి. 67 పేజీల సరుకు ఇస్తే ప్రెస్సువాడు 80కే డబ్బు తీసుకుంటాడు, వెనక ఖాళీ పేజీలు మిగులుతాయి. లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) మ్యాప్‌లితో కాగితం, ఫొటోలకి మధ్యలో 8 పేజీలు 130 జీఎస్ఎం ఆర్టు పేపరు, అట్టకి 250 లేదా 300 జీఎస్ఎం కార్డు. 64 పేజీల వరకు మధ్యలో పిన్ను కొట్టించవచ్చు, అది దాటితే జిగురు బైండింగే నయం. వ్యాసాలు యూనికోడ్‌లో వస్తాయి, చాలా ప్రెస్సుల్లో పాత అను ఫాంట్లే వాడతారు. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, అంకెలు తారుమారవుతాయి. అందుకని మార్చిన తర్వాత వచ్చిన ప్రూఫునే చదవండి, ముందు చదివింది లెక్కలోకి రాదు. ఇంటిపేర్లు, సంవత్సరాలు ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూడాలి. శ్రద్ధాంజలి సంచికలో ఆ ఇంటివాళ్ల పేరే తప్పు పడటం మేం చాలా చూశాం.

మాస్టారి పుట్టినతేదీ ఇంట్లోవాళ్లు మాఘమాసం అంటారు, సర్టిఫికెట్లో జూలై 1. పాత కాగితాల్లో మా ఊరు శ్రీకాకుళం జిల్లాగా ఉంది. ఏది వేయాలి? – బొబ్బిలి

రెండూ వేయండి. ఆ తరంలో పిల్లాణ్ణి బళ్లో వేసేటప్పుడు చేయి తలమీంచి చెవికి అందిందా లేదా చూసి, పంతులుగారే ఏదో తేదీ రాసేసేవారు. బడి తెరిచే రోజులు కాబట్టి జూలై 1 ఎక్కువమందికి పడింది. ఉద్యోగం నడిచేది ఆ తేదీ మీదే. ‘బడి లెక్క ప్రకారం 1938 జూలై 1, ఇంటి లెక్క ప్రకారం మాఘమాసం’ అని రాస్తే గొడవ లేదు.

పదవీ విరమణతో సరిచూసుకోండి. అప్పట్లో 58 ఏళ్లు నిండిన నెలాఖరున దిగేవారు. కానీ ఒకటో తేదీన పుట్టినవారు అంతకుముందు నెల ఆఖరి రోజునే దిగాలి. అంటే 1938 జూలై 1 అయితే 1996 జూన్ 30. జూలై 31 అని ఎవరైనా రాసి ఉంటే పొరపాటు అక్కడే ఉంది. ఇంకొంచెం పెద్దవారి విషయంలో 1983 గుర్తుపెట్టుకోండి. ఆ ఏడు విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించడంతో చాలామంది ఉన్నపళంగా దిగిపోయారు, తర్వాత మళ్లీ 58 చేశారు. ‘మాస్టారు ముందే మానేశారు, ఏదో గొడవై ఉంటుంది’ అనే పుకారు కొన్నిచోట్ల ఇలా పుట్టిందే. ఇంట్లో పెన్షన్ పేమెంట్ ఆర్డరు ఉంటుంది, అందులో తేదీలన్నీ ఉంటాయి, ముందు అదే అడగండి.

జిల్లా సంగతి. 1950 ఆగస్టు 15 వరకు బొబ్బిలి ఉన్నది విశాఖపట్నం జిల్లాలో. ఆ రోజు శ్రీకాకుళం జిల్లా ఏర్పడి అందులోకి వెళ్లింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చాక ఇందులోకి వచ్చింది. ఇల్లు కదలకుండానే మాస్టారు మూడు జిల్లాల్లో బతికారన్నమాట. పార్వతీపురంవారైతే 2022 నుంచి నాలుగోది. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి వైపు వాళ్లు మాత్రం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చారు. అందుకని పాత నియామకపు ఉత్తర్వుల కోసం ఇప్పటి జిల్లా కార్యాలయంలోనే వెతికి ‘దొరకలేదు’ అనేయకండి. అప్పటి జిల్లా ఏదో చూసి అక్కడ అడగండి. అలాగే ‘జిల్లా బోర్డు హైస్కూలు’ అని ఉంటే అది వేరే బడి అనుకోవద్దు. 1959 చట్టంతో జిల్లా పరిషత్తులు వచ్చాక పేరు మారింది, అంతే.

బడిలో చూడాల్సినవి నాలుగు. అడ్మిషన్ రిజిస్టరు శాశ్వతంగా ఉంచుతారు. తనిఖీకి వచ్చిన అధికారులు రాసిన లాగ్‌బుక్కులో మాస్టారి గురించి పొగడ్తా ఉంటుంది, చీవాట్లూ ఉంటాయి. స్టాఫ్ మీటింగుల మినిట్స్ బుక్కు మూడోది. ఎవరూ తెరవని నాలుగోది ఆటసామాను స్టాక్ రిజిస్టరు. ఏ సంవత్సరం ఎన్ని బంతులు కొన్నారు, వల ఎప్పుడు చిరిగి కొట్టివేత పద్దులోకి వెళ్లింది, ఎవరు సంతకం పెట్టారు అన్నీ అందులో ఉంటాయి. ఒకే వాలీబాల్‌కి మూడుసార్లు కుట్లు వేయించినట్టు పద్దు కనబడితే అదొక వ్యాసంతో సమానం. ఇప్పటి హెచ్చెమ్‌గారికి దరఖాస్తు ఇచ్చి ఆఫీసులోనే కూర్చుని చూడండి, రిజిస్టరు గడప దాటనివ్వరు, దాటకూడదు కూడా. ఫొటో తీసుకున్నా పిల్లల కులం, పుట్టినతేదీ ఉన్న గళ్లు అచ్చువేయకండి.

1974 గ్రూపు ఫొటో ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయింది. తీస్తే ఊడొస్తోంది. – కవిటి

లాగకండి, తడపకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. ఉప్పుగాలి, తేమ వల్ల ఫొటో మీది జిలటిన్ పొర మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. లాగితే ముఖాలు అద్దం మీదే ఉండిపోతాయి. వెనక అట్ట, మేకులు మాత్రం తీసి, అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. స్కానర్‌లో పట్టకపోతే అద్దం బయటివైపు తుడిచి, ఫొటోని గోడకి నిలబెట్టి, రెండువైపులా 45 డిగ్రీల కోణంలో రెండు లైట్లు పెట్టి, కెమెరా సరిగ్గా ఎదురుగా ఉంచి తీయండి. తీసేవాళ్లు నల్లచొక్కా వేసుకుంటే అద్దంలో నీడ పడదు. అచ్చులో నాలుగు అంగుళాల వెడల్పు రావాలంటే 1200 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపించుకోండి. తిత్లీ తుఫాను అప్పుడు తడిసిన ఆల్బమ్‌లు ఉద్దానంలో ఇప్పటికీ చాలా ఇళ్లలో మూటల్లోనే ఉన్నాయి. వాటికీ ఇదే మాట, ఎండలో ఆరబెట్టొద్దు, నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వండి.

మా హెచ్చెమ్‌గారే మాకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పారు. ఆయన నేర్పే పద్ధతి పోకుండా రాసిపెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఆమదాలవలస

వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తిగారు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్నప్పటి నుంచీ ఈ ప్రాంతంలో బరువులకీ బడికీ చుట్టరికం ఉంది. అయినా ఎవరు ఎలా నేర్పారన్నది కాగితం మీద దాదాపు లేదు. మీ ఆలోచన చాలా మంచిది.

మాటల్లో చెప్పించకండి, చేసి చూపించమనండి. పాత శిష్యుణ్ణి గ్రౌండులో నిలబెట్టి చేతికి వెదురుకర్ర ఇవ్వండి. ఫోను నడుమెత్తులో స్టాండుకి బిగించి, మూడు నాలుగు మీటర్ల దూరంలో సరిగ్గా పక్కనుంచి తీయండి. ఎదురుగా తీస్తే కర్ర ఒంటికి దగ్గరగా వస్తోందో దూరంగా పోతోందో తెలియదు, స్నాచ్‌లో (బరువుని నేలనుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తే లిఫ్టులో) అసలు సంగతంతా అదే. ‘మాస్టారు మొదటిరోజు ఏం చేయించారు? పదోరోజు? బార్ ముట్టుకోనిచ్చింది ఎప్పుడు?’ అని వరస అడగండి.

మామూలుగా ఈ వరస ఇలా ఉంటుంది, మీ మాస్టారిది దీనికి ఎక్కడ తేడాగా ఉందో గుర్తించండి. ముందు కర్రని తలపైన చాచిపట్టి గొంతుక్కూర్చుని లేవడం. మడమలు లేచాయంటే చీలమండ బిగుసుగా ఉన్నట్టు, అది వదులయ్యేదాకా ముందుకెళ్లకూడదు. తర్వాత పట్టు. స్నాచ్‌కి చేతులు ఎంత ఎడంగా పెట్టాలంటే, నిటారుగా నిలబడి చేతులు చాచినప్పుడు కర్ర సరిగ్గా తొడ మొదట్లో మడత దగ్గర తగలాలి. బొటనవేలు కర్రకి చుట్టి దానిమీద మిగతా వేళ్లు వేయాలి. మొదటి వారం వేలు నొప్పెడుతుంది, పిల్లలు చాటుగా వదిలేస్తారు, బరువు పెరిగాక పట్టు జారేది వాళ్లకే. ఆ తర్వాత లాగడం నేర్పేది పైనుంచి కిందికి. మొదట తొడ దగ్గర నుంచి, తర్వాత మోకాలి నుంచి, ఆఖరున నేల నుంచి. నేల నుంచే మొదలుపెడితే పిల్లాడు కాళ్లు మరిచి చేతులతో ఎత్తడం అలవాటు చేసుకుంటాడు.

తప్పులు ప్రధానంగా మూడు. మోచేతులు ముందే వంగితే కాళ్ల బలం బార్‌కి చేరదు. బార్ ఒంటికి దూరంగా ఊగితే తలపైకి వెళ్లాక వెనక్కో ముందుకో పడుతుంది. పిర్రలు ముందు లేచి భుజాలు వెనకబడితే బరువంతా నడుముమీద పడుతుంది. ప్రతి తప్పుకీ మీ మాస్టారు ఒక మాట వాడి ఉంటారు, అరిచి ఉంటారు. ఆ మాట ఏమిటి? అది పట్టుకోండి. శిక్షకుడి పద్ధతి సగం ఆ రెండు మూడు కేకల్లోనే ఉంటుంది. వాటిని ఎవరి పుస్తకంలోనుంచీ తెచ్చుకోలేం.

ఇక ఫలితాలు. పాత పతకాల జాబితా వేసేటప్పుడు నియమాలు మారాయని మరవకండి. 1972 వరకు పోటీలో మూడు లిఫ్టులు ఉండేవి, ప్రెస్ (భుజాల దగ్గరి నుంచి చేతుల బలంతోనే పైకి నెట్టడం), స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలమీదికి, అక్కడినుంచి తలపైకి ఎత్తడం). అప్పటి మొత్తాన్ని ఇప్పటి రెండు లిఫ్టుల మొత్తంతో పోలిస్తే మాస్టారు ప్రపంచ రికార్డు కొట్టినట్టు కనిపిస్తుంది. 2005లో ఒక్కో కిలో పెంచే పద్ధతి వచ్చేదాకా పోటీల్లో బరువులు రెండున్నర కిలోల లెక్కన పెరిగేవి. 1988లో మావాడు 93 కిలోలు ఎత్తాడని ఎవరైనా చెబితే అది ప్రాక్టీసు లెక్కో, గుర్తుతప్పిన లెక్కో. మీ ఊరి పక్కనే ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన అంకెలు చూడండి. స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240. శరీర బరువుల విభాగాలు కూడా 1993లో, 1998లో, 2018లో మారాయి. సర్టిఫికెట్ మీద ఏ విభాగం ఉంటే అదే రాయండి, ఇప్పటి విభాగంలోకి మార్చకండి. మాస్టారు 1987కి ముందే ఆడపిల్లల చేత బరువులు ఎత్తించి ఉంటే అది తప్పక రాయాల్సిన సంగతి, మహిళలకి ప్రపంచ పోటీలు మొదలైందే ఆ ఏడు.

పతకం రంగు కూడా తర్వాత మారవచ్చు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి వెళ్లిన మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మొదట కాంస్యం. మొదటిస్థానంలో నిలిచిన క్రీడాకారిణి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. మర్నాటి పేపరు కటింగు ఒక్కటే చూసి వేస్తే తప్పు పడేది ఇలాగే.

మాస్టారి పేరున సంక్రాంతికి వాలీబాల్ టోర్నమెంటు పెడుతున్నాం. 11 టీములు వచ్చేలా ఉన్నాయి. కోర్టు, డ్రా ఎలా వేయాలి? ప్రైజ్ మనీ ఎంత పెట్టాలి? – చీపురుపల్లి

ఆఖరి ప్రశ్న ముందు చూద్దాం. మాస్టారు నేర్పింది బడిపిల్లలకి. నగదు 20 వేలు పెట్టారంటే ప్రతి టీమూ బయటినుంచి ఇద్దరు ముగ్గురిని అద్దెకి తెచ్చుకుంటుంది, రాత్రికి పందాలు మొదలవుతాయి, మీ ఊరి పిల్లలు గట్టుమీద కూర్చుని చూస్తారు. బడి టీములకే పెట్టండి. వయసుకి స్టడీ సర్టిఫికెట్ చూడండి, గెలిచిన బడికి రెండు మంచి బంతులు, ఒక వల ఇవ్వండి. మా సలహా ఇంతే, పాటించడం మీ ఇష్టం.

కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ కలిపితే 24కి 15 కావాలి. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, లేకపోతే సాయంత్రం ఆటలో ఒక టీము ఎండలోకి చూస్తూ రిసీవ్ చేయాలి. మూలలు చేత్తో అంచనా వేస్తే కోర్టు ఏటవాలుగా వస్తుంది. ఒక్కో సగం 9 మీటర్ల చదరం కాబట్టి మూల నుంచి మూలకి టేపు పెడితే 12.73 మీటర్లు రావాలి, రెండు కర్ణాలూ ఒకటే రావాలి. మొత్తం కోర్టు కర్ణం 20.12. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు, అది కోర్టు లోపలి లెక్కే. నడిమి గీతకి చెరోవైపు 3 మీటర్ల దూరంలో అటాక్ గీత. గీతలన్నీ కలిపి 81 మీటర్లు అవుతాయి, ఒకసారి వేయడానికి అయిదు కిలోల ముగ్గుపిండి చాలు. సున్నం వద్దు, డైవ్ చేసిన పిల్లల కళ్లలో పడితే ప్రమాదం.

వల ఎత్తు మగవారికి 2.43, ఆడవారికి 2.24 మీటర్లు. చిన్న తరగతులకి ఎంత ఉండాలో మండల ఆటల పోటీలు నడిపే పీఈటీగారిని (వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి) అడిగి అదే పెట్టండి. ఎత్తు కొలవాల్సింది వల మధ్యలో. చివర్లు రెండూ సమానంగా ఉండాలి, మధ్యకంటే 2 సెంటీమీటర్లకి మించి ఎక్కువ ఉండకూడదు. మన దగ్గర సరుగుడు గుంజలు పాతేస్తారు, తాడు బిగించేసరికి అవి లోపలికి వంగుతాయి, పదింటికల్లా మధ్యలో వల నాలుగు వేళ్లు జారుతుంది. రెండంగుళాల పైన ఇనప పైపు వాడండి, వెనక్కి లాగే తాడు కట్టండి, మంచు పడ్డ రోజుల్లో ప్రతి మ్యాచ్ ముందూ కొలవండి. యాంటెన్నాలు (వలకి రెండు పక్కలా నిలువుగా కట్టే సన్నటి కర్రలు) లేకుండా ఆడించకండి, బంతి బయటినుంచి వచ్చిందా లోపలినుంచా అన్న తగువుతోనే సగం టోర్నమెంట్లు ఆగిపోతాయి. బంతి చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు. మధ్యాహ్నం ఎండకి గాలి వ్యాకోచించి బంతి రాయిలా అవుతుంది, ఒకసారి పిన్ను పెట్టి సరిచేయండి.

డ్రా లెక్క. 2, 4, 8, 16 ఇలా రెట్టింపయ్యే వరసలో 11కి పైన వచ్చేది 16. 16లోంచి 11 తీస్తే 5, అంటే అయిదు టీములకి బై, అవి మొదటి రౌండు ఆడకుండానే ముందుకెళ్తాయి. మిగిలిన ఆరూ మూడు మ్యాచ్‌లు ఆడితే ముగ్గురు గెలుస్తారు, అయిదూ మూడూ ఎనిమిది. అక్కడినుంచి నాలుగు, రెండు, ఒకటి. మొత్తం 10 మ్యాచ్‌లు. మూడు సెట్లలో రెండు గెలిచే పద్ధతిలో ఒక్కోదానికి గంట పైన వేసుకోండి, ఒకే కోర్టయితే రెండు రోజులు. లీగ్ పెడితే 55 మ్యాచ్‌లు అవుతాయి, పండగ అయిపోతుంది. బైలు చీటీ వేసే ఇవ్వాలి, ఆతిథ్య టీముకి బై వేశారంటే మొదటి రోజే మాట వస్తుంది. ఫిక్చరు కాగితం ముందురోజు సాయంత్రమే అంటించేయండి.

మీ ఉత్తరంలో, సంచికలో పాత స్కోర్లు కూడా వేస్తామన్నారు. 1990ల చివరిదాకా సర్వీసు చేసే టీముకే పాయింటు, సెట్టు 15కి. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ పాయింటు, సెట్టు 25కి, అయిదో సెట్టు 15కి. పాత స్కోరు 15–13 అని ఉంటే ఈ తరం పిల్లలు అయిదో సెట్టు అనుకుంటారు, పక్కన ఒక మాట రాయండి.

లక్ష రూపాయలు పోగయ్యాయి. ఏటా బహుమతి ఇవ్వాలి. డబ్బు ఎవరి పేరున వేయాలి? – రాజాం

ఎవరో ఒకరి సొంత ఖాతాలో మాత్రం వేయకండి. వడ్డీ ఆయన ఆదాయంలో కలుస్తుంది, ఆయనకేమైనా అయితే డబ్బు వారసుల ఆస్తి అవుతుంది. ఏడుగురు కలిస్తే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చు. దానిపేర పాన్, ఖాతా తీసుకుని, ఇద్దరి సంతకం మీద నడపండి. బడి వైపు నుంచి సంతకం మనిషి పేరున కాకుండా ‘ప్రధానోపాధ్యాయులు’ అన్న హోదాలో ఉండాలి, బదిలీ అయినా ఆగదు. దాతలకి పన్ను రాయితీ కావాలంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జీ అనుమతి ఉండాలి, ఉన్నా 2,000 దాటిన నగదు విరాళానికి రాయితీ రాదు.

లక్షకి 7 శాతం అనుకుంటే ఏటా 7,000. అంతా పంచేస్తే పదేళ్లకి ఆ 7,000తో ఇప్పుడు కొనగలిగేది కొనలేరు. 4,000 బహుమతికి తీసి 3,000 అసల్లో కలుపుతూ పొండి. ‘పదిలో ఫస్టు’ వచ్చినవారికి ఎలాగూ నలుగురు ఇస్తారు. మీ ఉత్తరంలో మాస్టారు పిల్లల హాజరు కోసం ఇంటింటికీ తిరిగేవారని రాశారు. అలాంటప్పుడు బహుమతి హాజరుకి పెట్టండి, ఎంత శాతమో కాగితం మీద రాయండి. ‘ఉత్తమ విద్యార్థి’ అని వదిలేస్తే మూడో ఏడు నుంచి సిఫార్సులు మొదలవుతాయి.

విగ్రహం జంక్షన్లో పెట్టవచ్చా? – టెక్కలి

రోడ్డు మీద, కాలిబాట మీద విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013లో రాష్ట్రాలని ఆదేశించింది. బడి ఆవరణలో అయితే స్థలం ఎవరిదో వారి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆ డబ్బుతో గ్రౌండుకి ప్రహరీ కట్టడం మాకైతే బాగుంటుందనిపిస్తుంది, పశువులు రాకుండా ఉంటాయి.

మాస్టారు బెత్తం బాగా వాడేవారు. ‘ఆ దెబ్బలవల్లే బాగుపడ్డాం’ అని అందరూ అంటున్నారు. ఒకతను మాత్రం ఆ దెబ్బలకే బడి మానేశానన్నాడు. ఇది పుస్తకంలో వేయాలా? – గజపతినగరం

వేయాలి. ఒకటి గమనించండి. మీ సమావేశానికి వచ్చి మైకు పట్టుకున్నవాళ్లంతా బడిలో మిగిలినవాళ్లు. దెబ్బలకి భయపడి మానేసినవాళ్లు పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఉండరు, వాళ్లకి పిలుపు కూడా వెళ్లి ఉండదు. అడ్మిషన్ రిజిస్టరు తీసి ఒక సంవత్సరం ఆరో తరగతిలో చేరినవాళ్ల పేర్లు రాసుకోండి, అదే జట్టు పదో తరగతికి వచ్చేసరికి ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి. మానేసిన ప్రతివాడూ బెత్తం వల్లే మానలేదు. వలసపోయినవాళ్లు, పనిలో పెట్టినవాళ్లు, పెళ్లిళ్లయినవాళ్లు ఉంటారు. కనీసం అయిదారుగురిని వెతికి అడగండి, మద్రాసులోనో హైదరాబాదులోనో ఉన్నా ఫోను చేయండి.

రాసేటప్పుడు మాస్టారిని వెనకేసుకురావొద్దు, బోనులో నిలబెట్టనూ వద్దు. ఎందుకు కొట్టేవారు, లెక్క తప్పితేనా, ఆలస్యానికా, ప్రాక్టీసు ఎగ్గొడితేనా? చేతిమీదా, కాళ్లమీదా? ఆడపిల్లల్నీ కొట్టేవారా? తర్వాత్తర్వాత మానేశారా, ఎప్పుడు? కొందరు పెద్దవారు విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించకముందే, తమంతట తామే బెత్తం పక్కన పెట్టేశారు. మీ మాస్టారూ అలా చేసి ఉంటే దానికో పేజీ ఇవ్వండి. మానేసిన అతని మాటలు అతనికి చదివి వినిపించి, ఒప్పుకున్నాకే అచ్చుకివ్వండి. పేరు వద్దంటే వేయకండి. ఇంటివాళ్లకి కూడా ముందే చూపించండి, అచ్చయ్యాక చూసి బాధపడటంకంటే అది నయం.

మాస్టారి విజిల్, స్టాప్‌వాచ్, ప్రాక్టీసు డైరీలు ఇంట్లో ఉన్నాయి. బడికి ఇస్తామంటున్నారు. ఎలా భద్రపరచాలి? – శృంగవరపుకోట

డైరీలు ముందు స్కాన్ చేయించండి, ఆ తర్వాతే చేతులు మారాలి. తుప్పుపట్టిన పిన్నులు, క్లిప్పులు తీసేయండి. సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు, చేశాక తీయడం కుదరదు. వేపాకులు పెడితే మరకలు పడతాయి. గుడ్డసంచిలో చుట్టి, గోడకి ఆనకుండా బీరువా మధ్య అరలో పడుకోబెట్టండి. స్టాప్‌వాచ్ కీ ఇచ్చేదైతే స్ప్రింగు పూర్తిగా వదులయ్యాక పెట్టండి, బిగించి ఏళ్లతరబడి ఉంచకూడదు. ఇచ్చేటప్పుడు బడి స్టాక్ రిజిస్టరులో ఎక్కించమని, హెచ్చెమ్‌గారి సంతకంతో రసీదు తీసుకోండి. లేకపోతే అయిదేళ్లకి అది ఎవరి విజిలో కూడా తెలియదు.

విజిల్‌ని నీళ్లలో కడగకండి. పాతవాటిలో లోపలి గోళీ బెండుది, నీళ్లకి ఉబ్బి ఇరుక్కుపోతుంది. పొడిగుడ్డతో పైన తుడిచి, తాడు ఎంత మాసినా మార్చకుండా అలాగే ఉంచండి.